బోను తాడు లాగినవాడు

వాగు ఒడ్డున చచ్చిపడున్న చిరుతను టార్పాలిన్‌లో చుట్టి, నలుగురు మోసుకొచ్చి జీపులోకి ఎక్కించిన దగ్గర కిందటి వారం ఆగాం. ఆ నలుగురిలో ఒకడు మన వాచర్. అభయారణ్యం అంచున ఉన్న ఆ నలభై గడపల ఊరి నుంచి అటవీ శాఖలో కొలువు సంపాదించిన మొదటి మనిషి అతను. ఇప్పటికీ ఒకే ఒక్క మనిషి. అతని అక్క కూతురు, ఊరంతా పిచ్చుక అని పిలిచే తొమ్మిదేళ్ల పిల్ల, నాలుగు నెలల కిందట ఇంటి పెరట్లో చిరుత వాతపడి ఎడమ కన్ను పోగొట్టుకుంది. పట్టపగలు ఇళ్ల మధ్యకి వచ్చే చిరుతను ఆ ఊరు అంతకుముందు ఎన్నడూ ఎరగదు. అదెక్కడి నుంచి ఊడిపడిందో ఎవరికీ తెలియదు. వాచర్‌కి మాత్రం ఒక అనుమానం ఉంది. అనుమానమే గానీ రుజువు లేదు కాబట్టి ఏదో ఒక వేళకి కన్ను మూతపడేది.

ఆ రుజువు ఈ ఉదయం దొరికింది.

రేంజ్ ఆఫీసు వెనక జీపు షెడ్డులో రెండు బల్లలు కలిపి, వాటి మీద చిరుతను పడుకోబెట్టారు. మూతి చుట్టూ ఎండిన నురగ లేకపోతే నిద్రపోతోందనే అనుకోవచ్చు. పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరమ్మ మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని తన పని తను చేసుకుపోతోంది. ట్రే పట్టుకోవడం వాచర్ పని. రేంజర్ గుమ్మంలో నిలబడి ఫోనులో ఏదో చూస్తున్నాడు, లోపలికి రావాలనీ లేదు, వెళ్లిపోవడానికీ వీల్లేదు అన్నట్టు.

కడుపు తెరవగానే ఘాటు వాసన షెడ్డంతా కమ్మేసింది. చేలో ఒక్కరోజు పనిచేసిన వాళ్లకైనా తెలిసే వాసన.

"పురుగుల మందు," అంది డాక్టరమ్మ. "పరీక్షకి పంపుతాను. అదేం చెప్తుందో మాత్రం ఇప్పుడే చెప్పగలను."

పట్టకారుతో ఒక్కొక్కటే తీసి ట్రేలో వేస్తోంది. మాంసం ముక్కలు, నల్లటి వెంట్రుకలు, నమలకుండా మింగిన ఒక చెవి. మేక చెవి. దానికి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల ఇంకా వేలాడుతోంది. చెంబుతో నీళ్లు పోసి కడిగేసరికి అంకెలు బయటపడ్డాయి.

"పోయిన నెల మేం టీకాలు వేసి తగిలించిన బిళ్లే ఇది. ఏ నంబరు ఎవరి మేకదో మా రిజిస్టర్లో ఉంటుంది. ఇవాళ సెలవు, రేపు పొద్దున ఆఫీసు తెరవగానే పేరు చెప్తాను."

వాచర్‌కి రిజిస్టరుతో పనిలేదు. టీకాల రోజున మేకల్ని తొడల మధ్య ఇరికించి పట్టుకున్నది అతనే. వరసలో అందరికంటే ముందు తెచ్చి నిలబెట్టింది అక్క మేకల్నే. 'తమ్ముడికి కొలువొచ్చాక ఈపాటి దర్జా అయినా లేకపోతే ఎలా' అని అక్క నవ్వింది కూడా. ఒకటి నుంచి అయిదు దాకా ఆవిడవి. ఈ బిళ్ల మీద సున్నాల తర్వాత ఉన్నది ఒక్క మూడే. అతను ట్రేని బల్ల మీద పెట్టేశాడు. డాక్టరమ్మ తలెత్తి చూసింది.

"కళ్లు తిరుగుతున్నాయా? కాసేపు బయట కూర్చో."

"లేదండీ. బానే ఉన్నా."

ఆవిడ చిరుత భుజాల మీద చిన్న యంత్రం ఒకటి పెట్టి అటూ ఇటూ జరిపింది. అది రెండుసార్లు కూసింది. మళ్లీ పెట్టి చూసింది. మళ్లీ కూసింది.

"ఇది ఈ అడవి జంతువు కాదే!" అంది. "దీని తోలు కింద చిప్ ఉంది. ఎక్కడో పట్టుకుని, నంబరు వేసి, తెచ్చి ఇక్కడ వదిలారు."

రేంజర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఆ సంగతి రిపోర్టులో అవసరమంటారా, డాక్టరుగారూ? విషం కేసు ఇది. విషం దాకా రాస్తే చాలు కదా."

"నేను చూసింది నేను రాస్తానండీ. ఏది చాలో ఏది చాలదో మీరు మీ రిపోర్టులో రాసుకోండి."

రేంజర్ వాచర్‌ని కళ్లతోనే బయటికి పిలిచి, షెడ్డు వెనక గోడ దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. "చిరుత చచ్చిన మాట ఊళ్లో పొక్కకూడదు. పేరు తెలిశాక రేపు పోలీసులతో కలిసి వెళ్దాం, ఈలోగా ఎవరూ జారుకోకుండా. ఆ చిప్ సంగతి అసలే పొక్కకూడదు. నా కోసం కాదు, నీ కోసమే చెప్తున్నా. తాడు లాగిన చెయ్యి ఎవరిదో గుర్తుందిగా?"

ఎందుకు గుర్తులేదు? ఎనిమిది నెలల కిందట, అప్పుడే వెలుగు వస్తుండగా, కొండ కింద లారీ ఆగింది. ఎక్కడో తోటల్లో పట్టుబడిన చిరుత అన్నారు. ఇక్కడ అడవి కావలసినంత ఉంది, హాయిగా బతుకుతుంది అన్నారు. బోను మీదికెక్కి తాడు లాగే ధైర్యం ఎవరికుంది అంటే తనే ముందుకొచ్చాడు. తలుపు లేచిన చాలాసేపటి దాకా అది బయటికి రాలేదు. తర్వాత ఒక్క గెంతు గెంతి, మంచు గడ్డిలో ఆగి, అటూ ఇటూ చూసింది. ఎటు వెళ్లాలో తెలియనట్టు చూసింది. అప్పుడు అతనికి అదేమీ తట్టలేదు. ఒళ్లు పులకరించింది, అంతే. చిన్నప్పటి నుంచీ అతనికి అడవంటే ప్రాణం. ఆ రోజు ఇంటికెళ్లి, ఎవరికీ చెప్పుకోలేని ఆ సంతోషాన్ని కడుపులో పెట్టుకుని ఒక్కడే నవ్వుకున్నాడు.

ఇప్పుడు సైకిలెక్కి అక్క చేను వైపు తొక్కుతున్నాడు. రేపు పొద్దున్న దాకా టైముంది. ఆ టైముతో ఏం చెయ్యాలో మాత్రం తెలియడం లేదు.

చేను గట్టు మీద అక్క ముళ్లకంప సర్దుతోంది. పంగలకర్రతో కంపను నొక్కి, కాలితో తొక్కి, మళ్లీ ఇంకో మండ లాగుతోంది. బావ పోయిన ఈ ఆరేళ్లలో చేనూ మేకలూ పిల్లా ముసలి తల్లీ అన్నీ ఆవిడ రెండు చేతుల మీదే. పొద్దుపొడవక ముందు చేలోకొస్తే, ఊరికి అవతలి చివర ఉన్న ఇల్లు చేరేది మళ్లీ పొద్దువాలాకే.

"ఈ వేళప్పుడొచ్చావేంట్రా? కొలువు మానేశావా, వాళ్లే మాన్పించారా?"

"మూడో నంబరు మేక ఏదక్కా?"

ఆవిడ చెయ్యి ఆగలేదు. "నిన్న తెల్లారుతుండగా చిరుత ఎత్తుకుపోయింది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావు? కాగితం ఇస్తావు. వేలిముద్ర వేయమంటావు. పిచ్చుకప్పుడు వేశాగా. ఇంకా ఎన్ని వేళ్లున్నాయి నాకు?"

"అక్కా, చిరుత చచ్చిపోయింది."

ఇప్పుడు ఆగింది. పంగలకర్ర మీద బరువంతా వేసి కాసేపు నిలబడి, తర్వాత గట్టు మీద మెల్లగా కూలబడింది. ఆ మొహంలో సంతోషం ఏమైనా కనబడుతుందా అని చూశాడు. లేదు.

"అదేనా? పిచ్చుకని పట్టింది?"

"అదే. పైన ఎడమ కోర సగానికి విరిగుంది. పిల్ల మొహం మీద గాటు చూసి ఆస్పత్రిలో ఏం చెప్పారో, సరిగ్గా అలాగే ఉంది."

"బాధపడిందా?"

"పడింది. చాలాసేపు. చుట్టూ గడ్డంతా గోళ్లతో పీకేసుకుంది."

"పిచ్చుక కూడా చాలాసేపు పడింది," అంది అక్క.

వాచర్‌కి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, ఎదురుగా ఉన్నది అక్క గనక అక్క మీదికి పోయింది. "రేపు పోలీసులొస్తారు. కడుపులో మన మేక బిళ్ల దొరికింది. ఏళ్ల తరబడి లోపలేస్తారక్కా నిన్ను! ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నాకు చెప్పి ఉండకూడదా? బోను పెట్టించేవాణ్ణి. అది నోరులేని జంతువు. దానికేం తెలుసు, ఇది పిల్ల, ఇది మేక అని?"

"లోపలేస్తే వెయ్యనీ. నాలుగు నెలలైంది, పిల్ల పెరట్లోకి అడుగు పెట్టి. ఒంటికొస్తే కూడా నా చెంగు పట్టుకునే వెళ్తుంది. నేను జైల్లో కూర్చున్నా సరే, అది భయం లేకుండా బయటికి పోవాలి. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు నేను."

"అందుకని విషం పెడతావా?"

"మనకి చిరుతలు కొత్తా?" అక్క గొంతు ఒక్కసారిగా లేచింది. "నాన్న చేను నుంచి వస్తూ గట్టిగా దగ్గితే దారి తప్పుకునేవి. ఏ రాతిగుండు కింద పిల్లలు పెట్టిందో తెలిస్తే ఆ ఏడాది మనమే ఆ దారి మానేసేవాళ్లం. ఎవడైనా చంపాడా? చంపాలని అనుకున్నాడా? అప్పుడు అడవి మనది, అందులోది కూడా మనదే అనుకున్నాం. తర్వాత మీవాళ్లొచ్చి రాళ్లు పాతారు. ఇది అడవి, అది ఊరు, మీరు రాయికి అవతల ఉండండి అన్నారు. కట్టెపుల్ల తెస్తే కేసు. తేనె తాతని చూడు. ఎనభై ఏళ్లు ఆ కొండ మీదే తేనె తీసి బతికాడు, ఇప్పుడు గడప గడపకీ వెళ్లి కూర్చుంటున్నాడు, ఎవరైనా పిలిచి ఇంత పెడతారేమోనని. సరే, అడవి మీదే. అయితే అందులో మృగం కూడా మీదే కదరా! రాయికి ఇవతల నా పెరట్లో దానికేం పని? మీ కొండంతా వదిలేసి నా బిడ్డే దొరికిందా దానికి?"

ఈ ప్రశ్నకి జవాబు అతని దగ్గరుంది. ఎనిమిది నెలలుగా ఉంది. రేంజర్ మాట గుర్తొచ్చింది. అయినా నోరు ఆగలేదు.

"దానికి ఆ కొండ తెలీదక్కా."

"ఏంటీ?"

"అది ఇక్కడిది కాదు. దగ్గితే తప్పుకోవాలని దానికి తెలీదు. నీళ్లెక్కడో, దుప్పులెక్కడో తెలీదు. ఎక్కడో తోటల్లో, ఇళ్ల మధ్య తిరిగి కుక్కల్నీ మేకల్నీ పట్టుకు తిన్న జంతువు. దాన్ని పట్టి లారీలో తెచ్చి ఇక్కడ వదిలారు. ఊళ్లో చెప్పొద్దన్నారు."

గాలికి కంపలో ఎండుటాకులు గలగలమన్నాయి.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"వదిలిన రోజే తెలుసు."

"ఎవరు వదిలారు?"

రేంజర్ అని చెప్పొచ్చు. పైవాళ్లు అనొచ్చు. అందులో అబద్ధం కూడా లేదు. "బోను మీద కూర్చుని తాడు లాగింది నేనే," అన్నాడు.

కొడుతుందనుకున్నాడు. పంగలకర్ర ఆవిడ చేతిలోనే ఉంది. కొడితే బాగుండేది. అక్క మాత్రం అతని వైపు, కొత్త మనిషిని చూసినట్టు, చాలాసేపు చూసింది.

"ఆస్పత్రిలో రెండు రోజులు పిచ్చుకని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు."

"ఊఁ."

"మామయ్యా, అది మళ్లీ వస్తుందా అని అడిగితే, రాదమ్మా, నేనున్నాగా అన్నావు."

"అదేనని అప్పుడు ఖాయంగా తెలీదక్కా. ఉత్త అనుమానం..."

"ఆ అనుమానమైనా నాకు చెప్పి ఉంటే పిల్లని కళ్లలో పెట్టుకుని కాసుకునేదాన్ని కదరా! ఊరంతా కాసుకునేది. వదిలిన రోజే చెప్పి ఉంటే పెరట్లోకి ఒంటరిగా పంపుతానా?" పంగలకర్ర కింద పడేసింది. "నీకు నేను సంజాయిషీ చెప్పుకుంటున్నా చూడు, ఇంతసేపటి నుంచి. దాన్ని ఎందుకు చంపానో అని!"

వాచర్ తల దించుకున్నాడు. నేల చూస్తూనే అన్నాడు. "నన్ను తర్వాత ఏమైనా అను. అది తినగా మిగిలిన మేక ఎక్కడుందో చూపించు. కాల్చెయ్యాలి. కుక్కలున్నాయి, నక్కలున్నాయి, ఏది మూతి పెట్టినా చస్తుంది."

"ఇప్పటికీ వాటి గురించే నీ ఏడుపు," అంది అక్క. అన్నా గానీ లేచి నడిచింది. అతను గట్టు మీద ఉన్న కిరసనాయిలు డబ్బా తీసుకుని వెనకే వెళ్లాడు.

వాగు పాయ ఒకటి చేను దాటాక రెండు బండల మధ్య దూరుతుంది. ఆ నీడలోనే చిరుత తన వేటని దాచుకుంది. నిన్న పొద్దున చంపి, కొంచెం తిని, మళ్లీ రావడానికి వదిలివెళ్లింది. నిన్న సాయంత్రం అక్క వచ్చి మందు పట్టించి వెళ్లింది. ఇప్పుడు మేక పక్కన రెండు కాకులు రెక్కలు విప్పుకుని చచ్చిపడి ఉన్నాయి.

వాచర్ డబ్బా మూత తీయబోయి ఆగాడు. వంగాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, నిన్న నువ్వు చూసినప్పుడు దీనికి వెనక కాళ్లు రెండూ ఉన్నాయా?"

"ఉన్నాయి. అది ముందు వైపు నుంచే తిన్నది."

ఒక వెనక కాలు ఇప్పుడు లేదు. పీకింది కాదు, కొరికింది కాదు. కీలు దగ్గర తోలు చుట్టూ గీసి, ఎముకకి దెబ్బ తగలకుండా ఒడుపుగా కోసి తీశారు. పక్కన తుంపిన వెడల్పాటి ఆకుల తొడిమలు. తడి ఇసుకలో చెప్పుల్లేని కాళ్ల గుర్తులు, ఊరి వైపు.

"కత్తి," అన్నాడు. "ఇవాళ పొద్దున్నే. మనిషి."

అక్క వంగి ఆ కోత చూసింది. "తోలు కిందికి దూర్చి మరీ మందు పట్టించా. వెనక కాళ్లకి కూడా." తర్వాత అతని చొక్కా పట్టుకుంది. "చిరుత చచ్చిన మాట ఊళ్లో చెప్పలేదా నువ్వు?"

"చెప్పొద్దన్నారు."

"చెప్పి ఉంటే ఎవరైనా దీన్ని ముట్టేవాళ్లా?"

అతను ఊరి వైపు తిరిగాడు. వాగు పాయ నుంచి చూస్తే ఊరు కనిపిస్తుంది. మధ్యాహ్నపు వంటల వేళ. నలభై ఇళ్ల మీద పొగలు. ఏ పొగ కింద ఏం ఉడుకుతోందో ఎలా తెలుస్తుంది? ఇంటింటికీ తిరిగి అడగాలి. అడిగితే, నీకెలా తెలుసని వాళ్లు అడుగుతారు. మందు పెట్టింది ఎవరని అడుగుతారు. రేపటి దాకా ఉందనుకున్న టైము ఇప్పుడే అయిపోతుంది. ఏ మాట చెప్తే అక్క పేరు రాకుండా ఉంటుందా అని అతను ఇంకా వెతుక్కుంటుండగానే, ఆవిడ చెప్పులు వదిలేసి పరుగందుకుంది.

ఊరి మొదట్లోనే కేక మొదలైంది.

"మేక మాంసం ఎవరూ తినకండి! వాగులో కోసుకొచ్చిన మాంసం ముట్టకండి! అందులో మందుంది! నేనే పెట్టా! నేనే పెట్టా!"

తలుపులు తెరుచుకున్నాయి. గరిటె చేత్తో ఒకావిడ, సగం గడ్డం గీసుకున్న మొహంతో ఒకాయన, కంచం ముందు నుంచి ఎంగిలి చేతులతో లేచొచ్చిన పిల్లలు. "మా ఇంట్లో పప్పే," "మాకు నిన్నటి కూరే," "ఏం మందు? ఎందుకు పెట్టావు?" అని నాలుగు వైపుల నుంచీ మాటలు. వాచర్ ఒక్కో ఇంట్లోకీ దూరి పొయ్యి మీద గిన్నెల మూతలు తీసి చూస్తున్నాడు. యూనిఫాంలో ఉన్నవాడు వంటింట్లోకి వస్తే ఆ ఊళ్లో ఎప్పుడూ గొడవే. ఇవాళ ఎవరూ అడ్డు చెప్పలేదు.

రెండు వరసలు దాటాక తేనె తాత గుడిసె. తాత గుమ్మంలో కూర్చుని పొయ్యి ఊదుతున్నాడు. మట్టికుండలోంచి ఆవిరి వస్తోంది. ఆ వాసన పప్పుది కాదు.

"తాతా!" అక్క అతని ముందు కూలబడింది. "వాగులో మేక కాలు నువ్వు కోశావా?"

"కోశా." తాత వాచర్ యూనిఫాం వైపు భయంగా చూశాడు. "మృగం తిని వదిలేసిందే కదమ్మా. వెనకటి నుంచీ తెచ్చుకున్నదే. దానికి కూడా కేసు రాస్తాడా మీవాడు?"

"తిన్నావా?"

"ఇంకా ఎక్కడ? పళ్లున్నాయా నాకు? మెత్తగా ఉడకాలని పొద్దున్నుంచీ ఊదుతూనే ఉన్నా."

వాచర్ గుడ్డ కూడా పెట్టుకోకుండా కుండని రెండు చేతులతో ఎత్తి బయట పారబోశాడు. అరచేతులు కాలాయి, తెలియలేదు. అక్క నేల మీద చేతులు ఆనించి, వంగిపోయి, పెద్దగా ఊపిరి తీసింది. నవ్వుతోందో ఏడుస్తోందో చుట్టూ చేరినవాళ్లకి అర్థం కాలేదు. చెవులు మందగించి ఊళ్లో కేకలేవీ వినపడని తాత పారబోసిన కూర వైపు బాధగా చూస్తున్నాడు.

"అంతా నేల పాలు చేశాడే," అన్నాడు. "పోనీలే. నాదెంత, ఎముకలే కదా. ఇన్నాళ్లూ మీ అందరి గడపల్లో తిన్నా. చేతికి దొరికిన రోజున నేనొక్కణ్ణే ఎలా తింటాను చెప్పు? కండంతా తీసి, వాసన పోయేదాకా కడిగి, పొద్దున్నే మీ ఇంట్లో ఇచ్చేసొచ్చా. మీ అమ్మ అప్పుడే పొయ్యి మీద పెట్టింది. పిచ్చుక గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుంది."